ఒక్క చుక్క తగ్గని స్టోరు

"నోరు తెరిచి ఒకసారి ఊదండి మేడం" అన్నాడు స్టోర్సు ఆఫీసరు, నలుగురి ముందూ.

నత్తలమ్మ ఊదింది. ఆయన ముక్కు ముందుకు పెట్టి మరీ వాసన చూశాడు. పొద్దున తిన్న ఉల్లిపాయ తప్ప ఇంకేమీ తగల్లేదు. అయినా ఆయన అనుమానం తీరలేదు.

ఆ ప్రకృతి విజ్ఞాన సంస్థలో ఆవిడ నత్తల మీద పరిశోధన చేస్తుంది. అందుకే అందరికీ నత్తలమ్మ. తెచ్చిన జీవుల్ని అక్కడ గాజుసీసాల్లో స్పిరిట్ పోసి దాస్తారు. మూత ఎంత బిగించినా స్పిరిట్ మెల్లగా ఎగిరిపోతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ పోయాలి. ఈ ముక్క మాత్రం ఆఫీసరు బుర్రకెక్కలేదు.

"పోయినసారి తీసుకెళ్లిందంతా ఏమైంది?"

"ఆవిరైపోయింది సార్."

"అంటే ఎవరు తాగినట్టు? పైకప్పా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఇకిలించారు. ఆ రోజే స్పిరిట్ గదికి ఇంకో తాళం పడింది, ఆవిడకి చుక్క కూడా ఇవ్వలేదు.

ఆవిడ దిగులంతా కిటికీ పక్కనున్న ఒక్క సీసా మీదే. సున్నపురాయి గుట్ట మీద మోకాళ్లు దోక్కుపోయేలా పాకి ఏరుకొచ్చిన నత్తలవి. ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత. ఇవి ఇంతవరకూ ఎవరూ చూడని జాతి అని ఆవిడ గట్టి నమ్మకం. కానీ గుల్ల ఒక్కటే చూపించి కొత్త జాతని పేరు పెడతానంటే ఎవరూ ఒప్పుకోరు, కోసి లోపలి అవయవాలు చూపించాలి. కోద్దామంటే ఉన్న ఒక్క మైక్రోస్కోపూ రిపేరుకని వెళ్లి అక్కడే కాపురం పెట్టేసింది.

డైరెక్టరు గదికి వెళ్తే ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే, "ఫైలు నడుస్తోందమ్మా, స్పిరిట్‌దీ, మైక్రోస్కోపుదీ" అన్నాడు.

"నా నత్తలే నయం సార్. అవి నడిస్తే కనీసం జాడైనా కనిపిస్తుంది."

ఆయన నవ్వాడు. ఫైలు మాత్రం కదల్లేదు.

ఇంట్లో చెల్లెలు వినీ వినీ విసిగిపోయింది. "మందుల షాపులో పుళ్లు తుడిచే స్పిరిట్ అమ్ముతారు కదక్కా! ప్రస్తుతానికి అదే పోసెయ్."

మర్నాడు సంచిలో చిన్న చిన్న సీసాలు గలగలలాడుతుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "స్పిరిట్ లోపలికి వద్దు మేడం, స్టోర్సు సారు మీ మీద ఓ కన్నేసి ఉంచమన్నారు. నా ఉద్యోగం ఊడుతుంది" అని బతిమాలాడు. బతిమాలేవాడి మీద ఏమని అరుస్తుంది? సంచి పట్టుకుని వెనక్కి తిరిగింది.

చివరికి మైక్రోస్కోపు వచ్చింది. నత్తలమ్మ చేతులు తుడుచుకుని సీసా మూత తిప్పింది. అడుగున తడి కూడా లేదు. నత్తలు మిరియపు గింజల్లా ఎండి గుల్లలకు అతుక్కుపోయాయి. నానబెట్టి చూసింది. సూది తగలగానే పొడి పొడి అయిపోయాయి.

మళ్లీ ఏరుకొద్దామని చెల్లెల్ని వెంటేసుకుని బస్సెక్కింది. బస్సు దిగి చూస్తే గుట్ట లేదు. సిమెంటు వాళ్లు తొలిచిన గొయ్యి, వరసగా లారీలు, కళ్లలోకి తెల్లటి దుమ్ము. చీకటి పడేదాకా రాళ్లు తిరగేస్తే దొరికినవన్నీ ఖాళీ గుల్లలే.

"పద అక్కా, ఇంటికెళ్దాం" అంది చెల్లెలు. ఆవిడ ఆ గుల్లలనే కొంగున కట్టుకుంది. ఎందుకో ఆవిడకే తెలీదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు స్టోర్సు ఆఫీసరు రిటైరయ్యాడు. టీ, బిస్కెట్లు, పొగడ్తలు. ఆఖర్న ఆయనే లేచి, "నా హయాంలో స్టోర్లోంచి ఒక్క చుక్క స్పిరిట్ పక్కదారి పట్టలేదు. కావాలంటే మా నత్తలమ్మగారినే అడగండి" అన్నాడు. అందరూ నవ్వుతూ ఆవిడ వైపు తిరిగారు.

నత్తలమ్మ టీ కప్పు కింద పెట్టింది.

"నిజమే సార్, మీ డబ్బాల్లో చుక్క కూడా తగ్గలేదు. తగ్గిందంతా మా సీసాల్లోనే. వెళ్లేముందు ఒకసారి నా గదికి రండి, మూత తీసి పెడతాను. వాసన చూద్దురుగాని. పాపం, నా నత్తలు కూడా తాగలేదు."