మేడ మీద తీసుకున్న ఫోటో

పోయిన వారం అమీర్‌పేట మెట్రో స్టేషన్లో బండి కోసం నిలబడి ఉంటే, నా ముందు ఒక కాలేజీ పిల్ల ఫోను పైకెత్తి తనను తాను వీడియో తీసుకుంటూ కనిపించింది. ఆ పిల్ల వెనకాల నేనూ పడుతున్నానని అర్థమైన మరుక్షణం నా చేయి దానంతటదే కొంగు అందుకుని ముఖానికి అడ్డం పెట్టింది. "మిమ్మల్ని కాదాంటీ, నన్ను నేనే తీసుకుంటున్న" అని ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. అరవై మూడేళ్ళ దాన్ని, దాచుకోవలసిన సొంత రహస్యమంటూ ఒక్కటీ లేనిదాన్ని, ముఖం ఎందుకు దాచుకున్నానో ఆ పిల్లకు ఏమని చెప్పేది! నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, వాళ్ళకు కొంతైనా అర్థమవుతుంది అనిపించి ఇదంతా రాస్తున్నాను.

నేను అమీర్‌పేటకు వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. చేతినిండా పని లేక ఇంట్లో మగ్గం చప్పుడు వారానికి రెండు రోజులు కూడా వినపడని కాలంలో, కుట్టుపని వచ్చిన నన్ను నాయన సనత్‌నగర్‌లోని ఒక చిన్న బట్టల కంపెనీలో చేర్పించి, అమీర్‌పేటలో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో దింపి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. చూస్తే ఏడ్చేవాడని నాకు తెలుసు. ఇప్పుడా సందులో మనిషి నడవడానికి చోటు లేనన్ని బోర్డులు, కంప్యూటర్ కోర్సుల కాగితాలు చేతుల్లో కుక్కేవాళ్ళు. అప్పట్లో సాయంత్రమైతే టైపు ఇన్‌స్టిట్యూట్ల టకటకలు తప్ప వేరే గోల ఉండేది కాదు. హాస్టల్లో నలభై మందిమి. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ మా మీద పెత్తనం చేసేది, మేమంతా ఆమెను వార్డెనమ్మ అనేవాళ్ళం. నీళ్ళు ఎక్కువ పోసుకుంటే కేకలేసేది గాని, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునేది.

నా గదిలో రెండో మంచం ఒక అక్కది. సొంత అక్క కాదు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద కనుక మొదటి రోజు అలా పిలిచాను, ఆ పిలుపే ఉండిపోయింది. మా కంపెనీలోనే, కుట్టిన చొక్కాలకు కాజాలు, గుండీలు సరిచూసే పని ఆమెది. ఆమె సామాను మొత్తం కలిపి ఒక రెగ్జిన్ సంచి. పండగలకు అందరం ఊళ్ళకు పోతే ఆమె ఒక్కతే హాస్టల్లో ఉండిపోయేది. ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు జాకెట్టు కుడతానని పట్టుబట్టి ఆమెకు కొలతలు తీస్తుంటే, వీపు మీద వరసగా చిన్న చిన్న కాలిన మచ్చలు కనిపించాయి. బీడీలు చుట్టే ఊళ్ళో పెరిగినదాన్ని, అవి దేనితో కాల్చినవో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. నా చేతిలో టేపు ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"రాసుకున్నవా కొలత? రాసుకుంటే టేపు తియ్" అన్నది, అంతే. ఆ మాట మా మధ్య మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఆమె వచ్చిన ఏడాదికి కాబోలు, ఒక ఆదివారం పొద్దున ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని ఆమె భర్త హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. తెల్లటి చొక్కా, నూనె రాసి దువ్విన తల, చూడడానికి మర్యాదస్తుడే. "గీ హాస్టల్లనే ఉన్నదని తెల్సిందమ్మా. మా ఇంటామె. జర పిలువున్రి" అని అక్క పేరు చెప్పాడు. బియ్యం చెరుగుతున్న వార్డెనమ్మ చాట పక్కన పెట్టకుండానే గేటు దాకా నడిచి, "ఆ పేరు గలవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరండీ. ఏంటిది, ఆడపిల్లలుండే చోట ఇలా నిలబడటం? వెళ్ళండి" అన్నది. అతను పోలేదు, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చుని మధ్యాహ్నం దాకా గేటు వంకే చూస్తూ గడిపాడు. అక్క మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఆ పూట హాస్టల్లోంచి బయటికి పోయిన ప్రతి పిల్లనూ అతను ఆపి అడిగాడు. నలభై మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. చెప్పొద్దని మాకెవరూ నేర్పలేదు, మాలో మేము అనుకున్నదీ లేదు. ఒక ఆడమనిషి వీపు చూపించకుండా బతకాలనుకుంటే ఆ మాత్రం అడ్డం నిలబడటం మామూలు సంగతే అనుకునే రోజులవి.

ఆ తర్వాత అక్కతో కలిపి హాస్టల్ వాళ్ళం ఐదుగురం అదే మేడ మీద ఒక ఫోటో దిగాం. ఒక పిల్ల అన్న కెమెరా తెచ్చాడు. తడి జుట్లు ఆరబెట్టుకుంటూ, కళ్ళల్లో ఎండ పడుతుంటే నవ్వుతున్నాం. అక్క నా భుజం మీద చేయి వేసి ఉంది. ఆమె పళ్ళు కనపడేలా నవ్విన ఫోటో, నాకు తెలిసి అదొక్కటే.

కాలం ఎట్లా గడిచిందంటే ఏం చెప్పను! నేను పెళ్ళి చేసుకుని పంజాగుట్టలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపు పెట్టుకున్నాను. అక్క కంపెనీలో సూపర్‌వైజరై, సనత్‌నగర్‌లో నాలుగు వాటాల ఇంట్లో ఒక గది తీసుకుని, రిటైరయ్యాక వాకిట్లో మిషన్ వేసుకుని చుట్టుపక్కల ఆడపిల్లలకు కుట్టు నేర్పుతూ, ఆ వీధి వాళ్ళందరికీ టీచరమ్మ అయింది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి అని మాత్రమే వాళ్ళకు తెలుసు. ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. మా ఆయన పోయిన తర్వాత ఆదివారం అంటే నాకు ఆమె రాక తప్ప ఇంకేమీ కాదు.

మూడేళ్ళ కిందట, పెద్దమ్మకు పొద్దుపోవడం లేదని మా చెల్లెలి కూతురు నా ఫోన్లో ఆ యాప్ వేసింది. ఏ యాపో పేరు చెప్పనక్కరలేదు, మీ అందరి ఫోన్లలో ఉన్నదే. అబద్ధమెందుకు, నాకు బాగా నచ్చింది. పాత అమీర్‌పేట ముచ్చట్లు చెప్పుకునే గ్రూపు ఒకటి ఉండేది, అందులో చేరాను. ఫోటోలోని ఐదుగురిలో ఇద్దరు, ఒకరు నిజామాబాద్‌లో, ఒకరు కరీంనగర్‌లో, దొరికారు. ఆ సంతోషంలో పెట్టె అడుగున ఉన్న మేడ మీది ఫోటోను ఫోనుతో మళ్ళీ ఫోటో తీసి పెట్టాను. ఒక్కో ముఖం చుట్టూ చిన్న చదరం గీసి, ఇది ఎవరు అని యాప్ అడిగింది. బడిలో టీచరు అడిగినట్టు, తెలిసిన జవాబు చెప్పే ఉత్సాహంతో అందరి పేర్లూ రాశాను. అక్క పేరు కూడా, ఇంటిపేరుతో సహా. ఆమెకు ఫోనంటే పచ్చబొత్తాం నొక్కి మాట్లాడే చిన్న ఫోనే. ఆదివారం వచ్చినప్పుడు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

రెండు రోజుల్లో వందల మంది మెచ్చుకున్నారు. ఎవరో, పేరు బదులు దేవుడి బొమ్మ పెట్టుకున్న మనిషి, "ఈ అక్క మా ఊరి ఆమె లాగ ఉన్నది, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నరు?" అని అడిగారు. కరీంనగర్ స్నేహితురాలి చుట్టమేమో అనుకుని, "సనత్‌నగర్‌లోనే ఉంది, పిల్లలకు కుట్టు నేర్పుతుంది, ప్రతి ఆదివారం మా ఇంటికి వస్తుంది" అని రాశాను. ఆ వాక్యం రాసిన వేళ్ళు ఇవే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

ఆదివారం అన్నం తిన్న తర్వాత ఫోను ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. వేలితో తన ముఖాన్ని తాకింది, తాకగానే పైన ఆమె పేరు తేలింది. చేయి వెనక్కి లాగేసుకుంది.

"గిది ఎవరెవరికి కనపడతది?"

"మనోళ్ళకే అక్కా."

"మనోళ్ళంటే?"

మా చెల్లెలి కూతురికి ఫోను చేసి అడిగితే, పోస్టు పక్కన ఏ గుర్తు ఉందో చూడమన్నది. చిన్న భూగోళం బొమ్మ ఉందన్నాను. "పెద్దమ్మా, అంటే లోకంల అందరికి" అన్నది. ఆమె చెప్పినట్టే నొక్కి అప్పటికప్పుడు తీసేశాను. కానీ అప్పటికే ఎవరెవరో దాన్ని తమ పేజీల్లోకి, అక్కడి నుంచి అక్క అత్తగారి ఊరి గ్రూపులోకి తీసుకుపోయారు. నా దగ్గర తీసేస్తే నా దగ్గర మాత్రమే పోయింది. అక్క చెప్పులు వేసుకుంటూ, "పోయొస్త" అన్నది. మా ఇంటికి అదే ఆఖరు రావడం.

పది రోజులకు ఆమె మరిది, తోటికోడలు కారులో వెతుక్కుంటూ వచ్చి, కుట్టు నేర్పే టీచరమ్మ ఇల్లెక్కడని వీధి మొదట్లో అడిగితే ఒక అమ్మాయి తీసుకొచ్చి చూపించిందట. కొట్టడానికి రాలేదు, తిట్టడానికీ రాలేదు. పిలుచుకుపోవడానికి వచ్చారు. భర్త కాలూ చేయీ పడిపోయి మంచాన ఉన్నాడట, చూసుకునేవాళ్ళు లేరట, ఎంతైనా పెళ్ళాం కదా, వచ్చి చేయాలట. "నలభై ఏండ్లు నీ ఇష్టమున్నట్టు బతికినవు వదినా, ఇగనన్న ఇంటికి రా" అని మరిది నాలుగు వాటాల వాళ్ళూ వినేలా అంటుంటే, తోటికోడలు ఫోను పట్టుకుని అంతా వీడియో తీసింది. అక్క మిషన్ మీద నుంచి లేవలేదట. సగంలో ఉన్న కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, "నేను రాను" అని ఒక్క మాట అని లోపలికి పోయి తలుపు వేసుకుందట. ఇదంతా పక్క వాటా ఆమె తర్వాత నాకు చెప్పింది. చెబుతూ చెబుతూ, ఇన్నేళ్ళు మాకెందుకు చెప్పలేదమ్మా ఆమె, అని కొంచెం నొచ్చుకుంది కూడా.

మరుసటి రోజు ఆ వీడియో అదే యాప్‌లోకి ఎక్కింది. మంచాన పడ్డ భర్తను వదిలేసిన భార్య అని పైన రాశారు. కింద వందల కొద్దీ మాటలు, ఆమె ఎవరో, ఏమి భరించిందో తెలియని వాళ్ళవి. వాటిని ఇక్కడ రాయలేను. నేను కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు రాయబోయి, ఆమె వీపు సంగతి రాయబోయి, ఆగిపోయాను. ఆమెను కాపాడటానికి కూడా ఆమె సంగతే ఇంకొంత బయట పెట్టాలి! యాప్ వాళ్ళకు ఫిర్యాదు చేశాను. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వాక్యం. తిడదామన్నా అటువైపు ఒక మనిషి లేడు, గొంతు లేదు. పోలీసులకు చెబుదాం రమ్మని అక్క గదికి పోయి బతిమాలితే, తలుపు సగం తెరిచి, "ఇంకో నలుగురికి చెప్పుడేనా?" అన్నది.

ఆ సాయంత్రమే యాప్ నుంచి బయటికి రావాలనుకున్నాను. రానివ్వదు. ఎందుకు పోతున్నావని కారణాల పట్టీ చూపించి ఒకటి ఎంచుకోమన్నది. ఆ పట్టీలో నా కారణం లేదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని రమ్మన్నది. నా స్నేహితులంటూ ఐదుగురి ముఖాలు చూపించి, వీళ్ళకు మీరు లేని లోటు ఉంటుంది అన్నది. అందులో ఇద్దరు నా షాపుకు ఒక్కసారి వచ్చినవాళ్ళు, ఒకరైతే ఎవరో కూడా తెలియదు. అన్నీ దాటి ఆఖరి బొత్తాం నొక్కితే, ముప్పై రోజులు ఆగుతాం, మనసు మారితే రండి అన్నది. ఆ ముప్పై రోజులూ మారిపోతుందేమోనని భయపడుతూ ఫోను ముట్టుకోకుండా గడిపాను. నేను వెళ్ళిపోయాను గాని వీడియో వెళ్ళలేదు. ఇప్పటికీ ఎక్కడో ఉంది.

ఈలోపు ఒకరోజు సనత్‌నగర్ పోతే అక్క గదికి తాళం ఉంది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో మిషన్ వేసుకుని వెళ్ళిపోయిందట, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదట. వాకిట్లో మిషన్ కాళ్ళు ఆనిన చోట సిమెంటు నాలుగు చోట్ల నల్లగా ఉంది. కుట్టు నేర్చుకునే పిల్లలు ముగ్గురు, టీచరమ్మ రాలేదా అని నన్నే అడిగారు. ఫోను కలవలేదు. ఆ గుమ్మంలో కూర్చుని, పరాయి వాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఏడు నెలలకు, ఒక మధ్యాహ్నం, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"నేనే. మంచిగున్న. ఎక్కడున్ననని అడగకు."

"అడగనక్కా."

"మిషన్ నడుస్తున్నది. పిల్లలు సుత వస్తున్నరు."

నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఏడు నెలలు మనసులో పేర్చుకున్న మాటలు ఒక్కటీ వరసలో రాలేదు. ఆమె చివరిదాకా విని, చాలా మెల్లగా, "నీ మీద కోపం లేదే. భయమున్నది" అన్నది. ఆ తర్వాత నా మోకాలి నొప్పి సంగతి అడిగింది, షాపు నడుస్తుందా అని అడిగింది, పెట్టేసింది.

రెండు మూడు నెలలకొకసారి అలా మాట్లాడుతుంది, ఒక్కోసారి ఒక్కో నంబరు. మా కాలంలో మనిషిని దగ్గర చేసుకోవడమంటే వాళ్ళ గురించి ఒక్కొక్కటీ తెలుసుకుంటూ పోవడం, తెలిసినదాన్ని మనలోనే ఉంచుకోవడం. ఆ రెండో సగం ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. లోకమంతా జారవిడిచింది, నేనూ అందులో ఒకదాన్ని. ఇప్పుడు ఆమె ఏం కూర వండుకుందో అడుగుతాను, వాన పడుతుందా అని మాత్రం అడగను, ఏ ఊళ్ళో వాన పడిందో పేపర్లో చూసి ఊహిస్తానేమో అని నాకే భయం. మాటలయ్యాక ఫోను ఆ నంబరును ఏ పేరుతో దాచుకోవాలని అడుగుతుంది. వద్దని నొక్కుతాను.