సైలస్ గారి రైలు ప్రశ్న

సైలస్ గారు ఏ సంగతి విన్నా దానికి రైలుతో సంబంధం ఏమిటని అడిగేవారు. ఇంట్లో అడిగితే భార్య ప్రేమలీల గారు వంటగదిలోకి వెళ్ళిపోయేవారు. అందుకని ఆయన మా విశ్వవిద్యాలయానికి వచ్చి అడిగేవారు.

నాంపల్లి స్టేషన్‌లో టికెట్ కలెక్టర్‌గా రిటైరై చాపెల్ రోడ్డులో ఉండేవారు. పీహెచ్‌డీ మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చు, ఎవరైనా ప్రశ్న అడగవచ్చు అని మా దగ్గర నియమం. ఆ 'ఎవరైనా' సైలస్ గారే. నోటీసు బోర్డులో తేదీ పడితే చాలు, ఇస్త్రీ చేసిన కోటు తొడుక్కుని ముందు వరసలో కూర్చునేవారు.

ఓసారి శతకాల మీద పరిశోధించిన కమల ఏదో ప్రశ్న దగ్గర తడబడుతోంది. సైలస్ గారు లేచారు. "ప్రతి పద్యం చివర్ల మకుటం ఉంటదంటిరి. గది రైలు చివర గార్డు డబ్బా అసుంటిదేనా?"

తేదీల దగ్గర చిక్కుకున్న శాసనాల బుచ్చిబాబునైతే, స్టేషన్‌లో పసుపు బోర్డు ఎందుకు శాసనం కాదని నిలదీశారు. బుచ్చిబాబు డాక్టరేట్ తీసుకున్నాక కూడా ఆ జవాబు వెతుకుతూనే ఉన్నాడు.

పరీక్షయ్యాక టీ, సమోసా ఇస్తారు. ఆయన దానికోసమే వస్తారని మా అందరి సిద్ధాంతం. సమోసాను ఆయన పరీక్షకులకన్నా శ్రద్ధగా పరిశీలించడం మా ఆధారం.

1998లో నా వంతు వచ్చింది. నాది లాలిపాటల మీద పరిశోధన. ముందురోజు మా గైడు నళిని మేడమ్‌ను బతిమాలాను, ఆ రైలాయనను మాత్రం రానివ్వొద్దని. చూద్దాం అన్నారావిడ.

పరీక్షకులు వెంకటేశ్వర్లు గారు కోస్తా నుంచి వచ్చారు. మంచివారే. కళ్ళజోడు పైనుంచి చూస్తారు, అంతే.

"బిడ్డను నిద్రపుచ్చేది లయా, అర్థమా? మీరేమంటారమ్మా?"

నా గ్రంథంలో ఒక అధ్యాయమంతా అదే. నేను మాత్రం ఆ పేజీ కోసం వెతుకుతున్నాను. ఆయన మళ్ళీ అడిగారు. నీళ్ళు తాగాను. ఆయన కలానికి మూత పెట్టారు. ఆ చప్పుడుతో నా డాక్టరేట్ పోయిందనుకున్నాను.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"నాదొక డౌటు బిడ్డా. రైలెక్కితే పాట లేకున్నా పిల్లలు పండుకుంటరు. గట్లయితే నీ లాలిపాటలతోని పనేంది?"

హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. వల్లెవేసుకొచ్చిన గ్రాంథికమంతా మరిచిపోయాను.

"రైలు అందర్నీ ఒక్కతీరుగనే ఊపుతది సార్. అమ్మ పాటల బిడ్డ పేరుంటది. రైలుకు మీ పేరు తెలుసా?"

"జిందగంతా గాడనే పనిచేసిన. తెల్వదు" అని ఆయన కూర్చున్నారు.

వెంకటేశ్వర్లు గారు కలం మూత తీశారు. "అంటే లయ నిద్రపుచ్చుతుంది, పేరు లాలిస్తుంది అంటారు. చెప్పండి, చెప్పండి." ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరివల్లా కాలేదు.

టీ దగ్గర నళిని మేడమ్ తన సమోసా కూడా సైలస్ గారి ప్లేటులో పెడుతూ కనిపించారు. ఫోన్ చేయగానే వచ్చినందుకు ఆయనకు థాంక్స్ చెబుతున్నారు.

"జర లేటయింది మేడమ్. కలం మూత దాకా పోనిచ్చిన" అంటున్నారాయన.

అప్పుడు గుర్తొచ్చింది. గడగడా జవాబులు చెప్పినవాళ్ళను ఆయన ఎన్నడూ ఏమీ అడగలేదు.

ఎనిమిదేళ్ళకు నేనూ గైడునయ్యాను. నా విద్యార్థిని జెర్లిన్ పరీక్ష ముందురోజు వచ్చి, ఆ రైలు తాతను రానివ్వొద్దని బతిమాలింది. చూద్దాం అన్నాను. ఆమె అటు వెళ్ళగానే చాపెల్ రోడ్డుకు ఫోన్ చేశాను.

"సబ్జెక్టు ఏంది?" అన్నారు సైలస్ గారు.

"తోలుబొమ్మలాట సార్."

"దీనికి రైలు దొరుకుడు జర కష్టమే. అయినా ఫికర్ చెయ్యకు. సమోసాలు నువ్వు చూడు, రైలు నేను చూసుకుంట."