బసమ్మకు పశువుల సర్టిఫికెట్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక వేసవిలో నన్ను కౌతాళం మండలంలో పశువైద్యాధికారిగా వేశారు. చూలు పరీక్షలు, గాలికుంటు టీకాలు, బీమాకు ఆరోగ్య ధ్రువపత్రాలు నా పని. మనుషుల జోలికి పోయే అధికారం నాకు లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఊరికి తెలియదు.

ఈరన్న అనే రైతుకు ఒక పెయ్య ఉండేది. కోడెదూడతో కవలగా పుట్టింది. ఎన్ని సూదులు వేసినా చూలు నిలవలేదు. కడుపులో ఉన్నప్పుడే కోడెదూడ హార్మోన్లు రక్తంతో పాటు పెయ్యకు చేరితే గర్భసంచి సరిగా ఎదగదని వివరించాను. ఊరంతా తలాడించింది. పెయ్యను ఎవరూ వెళ్లగొట్టలేదు.

ఆర్నెల్లు తిరక్కుండానే, ఎమ్మిగనూరుకు మగ్గం పనికి పోయిన ఈరన్న బిడ్డ బసవరాజు, ఇరవై రెండో ఏట చీర కట్టుకొని, ఇక తన పేరు బసమ్మ అంటూ ఇంటికి వచ్చింది. పెద్దలు కూర్చున్నారు. పుట్టుకతో వచ్చిందైతే ఊళ్లో ఉండనిస్తారట, పట్నంలో నేర్చుకున్నదైతే వెళ్లిపోవాలట. అది తేల్చడానికి నన్ను పిలిపించారు.

"ఆదోని పెద్దాసుపత్రికి యాడ పోతాం సార్? పెయ్యకు సెప్పినట్లే ఈనికీ సెప్పి, సీలు కొట్టియ్యప్పా," అన్నాడు పెద్దమనిషి హనుమంతప్ప.

నా సంచిలో ఉన్నది పశువుల బీమా ఫారం. అందులో కొమ్ముల ఆకారం, తోక కుచ్చు రంగు, చెవికి వేసిన బిళ్ల నంబరు రాయాలి. చెవులకు కమ్మలున్నాయి కదా సార్ అని ఒకాయన నాకు ధైర్యం చెప్పాడు.

మనుషుల విషయం అంత తేలిక కాదన్నాను. కడుపులోని హార్మోన్లకూ, జన్యువులకూ ఇందులో పాత్ర ఉండవచ్చని పరిశోధకులు అంటారు, కానీ ఫలానాదే కారణమని ఎవరూ తేల్చలేదు. రక్తం తీసి చెప్పే సంగతి కాదు. నాకు తెలియదని కావాలంటే రాసిస్తానన్నాను.

"తెలీదని సెప్పే డాక్టరు మాకెందుకప్పా?" అన్నాడు హనుమంతప్ప. ఈరన్న తల ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండింది. ఫారం తెరిచి, నిబంధన ప్రకారం మొదటి గడి నుంచే నింపాలన్నాను. అందులో ఉన్నది యజమాని పేరు. తండ్రి పేరు రాయమని కొందరన్నారు. ఊళ్లో ఉండేవాళ్ల మీద పెత్తనం ఊరిదే, ఊరి పేరే రాయాలని హనుమంతప్ప పట్టుబట్టాడు. తండ్రి వెనక కూర్చున్న బసమ్మ లేచింది.

"నాకు నేనే సార్. రాసుకో."

ఈరన్న తువ్వాలు దులుపుకొని లేచాడు. "ఇంటికి పోదాం పా, బసమ్మా," అన్నాడు.

కారణం తెలియనప్పుడు తెలియదనే రాయాలన్న నమ్మకం నాలో ఆ రోజు గట్టిపడింది. కన్నవాళ్ల ఇంట్లో ఉండటానికి కారణం చూపమని అడిగే గడి మాత్రం, నా సర్వీసులో చూసిన ఏ ఫారంలోనూ లేదు.