అక్క నోట ఆగిన మాట

పీలమేడు మిల్లు వెనక వీధిలో ఎవరికి ఏ ఆఫీసులో పని పడ్డా పంకజవల్లినే వెంటబెట్టుకొని పోతారు. రేషను కార్డులో పేరు తప్పు పడినా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, ఆవిడ కౌంటరు ముందు నిలబడి తమిళంలో దులిపిందంటే పని జరిగి తీరాల్సిందే. నోరున్నవాడిదే రాజ్యం అంటారే, ఆ వీధి రాజ్యం ఆవిడదే. అలాంటి మనిషి నోరు విప్పాల్సిన ఒక్కచోట విప్పలేదు. ఆ సంగతి ఇప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తానే చెప్పుకొని ఏడుస్తుంది.

తమ్ముడు వరదరాజన్ పంపుసెట్టు మోటార్లకు కాయిల్ చుట్టేవాడు. చేతిపని బంగారం. నాయన పోయిన ఏడాదికి, వాడు గోడవైపు తిరిగి ఎవరితోనో వాదులాడటం పంకజం కళ్ళారా చూసింది. చూసి కూడా, తేని ఊరి నుంచి గోమతిని తెచ్చి ముడిపెట్టింది. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, తాను దాచింది ఒక్కటేగా అనుకుంది. పెళ్ళయితే అంతా సర్దుకుంటుందనీ అనుకుంది. పెళ్ళిని మనవాళ్ళు ఎన్ని రోగాలకు మందుగా వాడారో ఆ దేవుడికే ఎరుక!

ఏమీ సర్దుకోలేదు. వాడు తాగుడు పట్టాడు. ఆరేళ్ళ కిందట ఒళ్ళంతా వణుకుతున్న మనిషిని గాంధీపురం దాటి ఒక ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు జెబమలర్ తూత్తుకుడి మనిషి, తెలుగు ముక్క రాదు. వరదరాజన్ పగలంతా తమిళంలోనే పనిచేసేవాడు. అయినా మనసు చెదిరిన ఆ పూట వాడి నోట ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప మరొకటి రాలేదు.

"నాయన చెవిలో తిడతానే ఉండాడక్కా. రేయీ లేదు, పగలూ లేదు. తాగితేనే కొంచెం నోరు మూస్తాడు. డాక్టరమ్మకు చెప్పక్కా," అన్నాడు.

జెబమలర్ పంకజాన్ని గది బయటికి పిలిచి, ఏమంటున్నాడని తమిళంలో అడిగింది. బయట బెంచీ మీద గోమతి కూర్చొని ఉంది. తాగుబోతు మొగుడంటే వీధికి పదిమంది. పిచ్చి అంటే మాత్రం ఆ పిల్ల అన్నదమ్ములు తేని నుంచి దిగుతారు, తెలిసే మా పిల్ల గొంతు కోశావా అని నడివీధిలో నిలబెట్టి అడుగుతారు.

"పోయిన నాయనను తలుచుకొని బాధపడుతున్నాడమ్మా. వేరే ఏమీ లేదు," అంది పంకజం. తడబడకుండా చెప్పింది, అదీ పాపం!

మూడుసార్లు చేర్చారు. మూడుసార్లూ మానే వచ్చాడు. తాగుడు లేకపోతే నాయన గొంతు ఇంకా పెరిగేది, నెల తిరక్కుండా వాడు మళ్ళీ సీసా పట్టేవాడు. వాడు గొణుగుతుంటే, అది తాగుడు వాగుడేనని గోమతికి నచ్చజెప్పి, ఆ పిల్ల చేతా తిట్టించింది పంకజమే. "సిగ్గు లేదారా, పెండ్లాన్ని చూసైనా మానకూడదా!" అని అందరికంటే గట్టిగా తిట్టిందీ పంకజమే. లోపల నాయన, బయట అక్క. పాపం, వాడు ఎక్కడికి పోతాడు?

పోయిన ఆడి నెలలో, అదే ఆషాఢంలో, ఒక మధ్యాహ్నం వర్క్‌షాపు నుంచి ఫోను వచ్చింది. వదినా మరదళ్ళు పరుగున పోయి చూస్తే వరదరాజన్ నేల మీద కూర్చొని ఉన్నాడు. ఆ రోజు చుక్క తాగలేదు. రెండు చెవుల నిండా బేరింగు గ్రీజు కూరుకొని, చాలదన్నట్టు ఇంకా వేళ్ళతో అదుముకుంటున్నాడు.

ఆసుపత్రిలో మత్తుమందిచ్చి పడుకోబెట్టి, చెవులు శుభ్రం చేయించారు. జెబమలర్ ఆ జిడ్డు దూది చూపించి, "ఈయన ఏం వినకూడదనుకున్నాడమ్మా?" అని అడిగింది. గోమతి పక్కనే ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది తానే. ఇంకా దాస్తే ఈసారి వాడు చేతికి ఏది తీసుకుంటాడో! పంకజం చెప్పేసింది. నాయన గొంతు సంగతి, గోడతో వాదులాట, అది పెళ్ళికి ముందే తనకు తెలుసన్నది, అన్నీ చెప్పింది.

"ఇవి రెండు జబ్బులమ్మా. ఒకటి దాచిపెట్టి ఒకదానికే మందు వేయించారు. రెండూ కలిపి చూడాలి," అంది జెబమలర్.

"ఆరేండ్లు నా నోటితోనే నా మొగుణ్ణి తిట్టిస్తివే వదినా," అంది గోమతి. తర్వాత నెలరోజులు ఆవిడతో పలకలేదు.

ఈసారి మందులు పట్టాయి. నడుమ ఒకసారి తాగాడు, అయినా తనంతట తానే ఆసుపత్రికి పోయాడు. నాయన గొంతు సన్నగిల్లి, కొన్నాళ్ళకు వినబడకుండా పోయింది. మళ్ళీ ఇంట్లోనే కాయిల్ పని మొదలుపెట్టాడు. ఆనాడు అక్క ఏం చేసిందో మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు.

పోయిన ఆదివారం పంకజం ఒబ్బట్లు చేసుకొని పోయింది. వాడు చుట్లు లెక్కపెడుతూ తీగ చుడుతున్నాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకొని ఎదురుగా కూర్చుంది.

"ఆ దినం నీవు చెప్పింది నేను డాక్టరమ్మకు చెప్పలేదురా సామీ."

వాడి చెయ్యి ఆగింది.

"చెప్పలేదా?"

"లేదురా. దాచిపెడితిని."

"నీవు చెప్పేస్తివనే అనుకొంటినక్కా. వినీ మందియ్యలేదంటే దీనికి మందే లేదేమో అనుకొంటిని. అందుకే మళ్ళా ఎవరికీ చెప్పలేదు," అన్నాడు.

కోపంగా అనలేదు. ఎన్ని చుట్లయ్యాయో మరిచిపోయినట్టున్నాడు, తీగ విప్పేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.