నీ చెయ్యి చాలు

లక్డారంలో ఆదిలక్ష్మి జుట్టును చూసి నవ్వనివాళ్లు లేరు. పద్నాలుగేళ్లుగా ఆదివారం తలంటుకు తప్ప ఆమె నూనె ముట్టలేదు. పటాన్‌చెరు దగ్గర బస్సులకు లోపలి పలకలు చేసే చిన్న కంపెనీలో అల్యూమినియం రేకులు శుభ్రం చేయడం ఆమె పని. రేకు మీద వేలిముద్రంత జిడ్డున్నా జిగురు పట్టదు.

రేకును గరుకు పీచుతో రుద్ది, కడిగి, జిడ్డు వదిలించే మందులో ముంచిన గుడ్డతో తుడిచేది. ఆఖరున చెంబుడు నీళ్లు పోసేది. నీళ్లు ఒకే పొరగా పరుచుకుంటే రేకు శుభ్రమైనట్టు. ఎక్కడైనా విడిపోయి చుక్కలు కడితే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

ఒకరోజు సూపర్‌వైజర్ రాజారావు వచ్చి నిలబడ్డాడు. అర్జెంటు ఆర్డరు. "నీళ్లెందుకు లక్ష్మమ్మా? నీ చెయ్యి చాలు!" అన్నాడు.

అన్నేళ్లలో అంత మాట అన్నవాడు లేడు. నిజం చెప్పొద్దూ, ఆదిలక్ష్మి ఉబ్బిపోయింది. ఆ వారమంతా చెంబు ముట్టలేదు.

నెల తిరక్కుండానే పలకలు ఊడి వెనక్కి వచ్చాయి. యజమాని కైలాసం ఆమెనూ రాజారావునూ పిలిచాడు.

"నీళ్లు వోసి సూసినవా అమ్మా?"

"లేదు సేటూ. గీ సారే వద్దన్నడు."

"నేనెందుకంటానండీ?" రాజారావు కన్నార్పకుండా అన్నాడు. "ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి నేను చెప్పాలా?"

మెచ్చుకున్న నోరే! ఆదిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. విసురుగా వెళ్లి రెండు రేకులు సిద్ధం చేసి తెచ్చింది. ఒకటి పాత గుడ్డతో తుడిచింది, రెండోది రాజారావు ఆ అర్జెంటు ఆర్డరుకు ముందు చవగ్గా తెప్పించిన లాడ్జి దుప్పటి ముక్కతో. రెండింటి మీదా నీళ్లు పోసింది. మొదటిదాని మీద పరుచుకున్నాయి. రెండోదాని మీద చేమాకు మీద నీళ్లలా చుక్కలు కట్టాయి.

"సూడుర్రి సేటూ! లాడ్జోళ్లు ఉతికేటప్పుడు బట్టల్ల ఏసిన సెంటు మందు ఇంక పోలే, గా జిడ్డే రేకుకు అంటింది. గుడ్డ తెచ్చింది ఎవరు?"

కైలాసం రాజారావు వంక చూశాడు. తర్వాత ఆ చుక్కల వంక చూశాడు.

"గిట్ల ఆ దినమే నీళ్లు వోస్తే తెలుస్తుండె గద, అమ్మా."

అది అబద్ధమైతే ఆమె తిట్టిపోసేది. నిజం కాబట్టే చెంబు కింద పెట్టేసింది. ఆమెను ప్యాకింగ్‌కు మార్చారు. దుప్పటి ముక్కలు చప్పుడు లేకుండా మాయమయ్యాయి. రాజారావు మాత్రం ఎక్కడివాడక్కడే ఉన్నాడు.

సోమవారం ఆదిలక్ష్మి తలకు కొబ్బరినూనె దట్టించుకుని వచ్చింది. వచ్చేముందు అద్దంలో చూసుకుంటూ కాసేపు ఏడ్చింది కూడా. ఇప్పుడు నూనె రాసుకుంటే అడిగేవాడెవడు?

ఆదిలక్ష్మి పాత బల్ల దగ్గర, ఆమె పనిలో కొత్తగా పెట్టిన పుష్ప రేకు కడుగుతోంది. పక్కనే రాజారావు.

"నీళ్లెందుకు పుష్పా? నీ చెయ్యి చాలు!"

ఆదిలక్ష్మి గబగబా నడిచింది. గుమ్మం దగ్గర తన తలకున్న నూనె గుర్తొచ్చి ఆగిపోయింది. అక్కడినుంచే గొంతు చించుకుని అరిచింది.

"పుష్పా! నీళ్లు వొయ్యి! వాని మాట ఇనకు, నీళ్లు వొయ్యి!"

రాజారావు వెనక్కి తిరగలేదు. పుష్ప చెంబు అందుకుంది.