టైలరమ్మ పెట్టిన దరఖాస్తు

టైలరమ్మ తన కొత్త చొక్కా చెయ్యి తనే పీకేసుకుని, కుట్టించుకునే వంకతో బొత్తాలావిడ గుమ్మం ఎక్కిందని వీధిలో ఒక పుకారు. కళ్ళారా చూసినవాళ్ళు లేరు. చెప్పుకోనివాళ్ళూ లేరు.

టైలరమ్మ కొట్టు సందు మలుపులో, మెట్ల కింద. రెండు మిషన్లు, ఒక కిటికీ, ఇస్త్రీ బల్ల. ఆవిడ కత్తెర తీసిందంటే గుడ్డ భయపడి తనే రెండుగా విడిపోతుందంటారు. సముద్రాలవతల నుంచి వచ్చినావిడ ఒకతె అక్కడ బొత్తాలు కుట్టే పనికి చేరి, బొత్తాలావిడ అనిపించుకుని, మెల్లగా రెండో మిషనెక్కింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. అయినా పొద్దస్తమానం కబుర్లే, ఎవరి భాషలో వాళ్ళు. మధ్యాహ్నాలు కుట్టు నేర్చుకోవడానికొచ్చే ఆడవాళ్ళలో సగం మంది ఈ తమాషా కోసమే వచ్చేవారు.

చివరికి చొక్కా చెయ్యి దగ్గర చెడింది. టైలరమ్మ ముందు పక్కలు కుట్టేసి, చంక దగ్గర గుండ్రంలో చెయ్యి అతుకుతుంది. బొత్తాలావిడ ముందే చెయ్యి అతికేసి, చేతి నుంచి నడుం దాకా ఒక్క లాగులో పక్క కుట్టేస్తుంది.

"ఇదీ ఒక కుట్టేనా? గోనెసంచికి మూతి కట్టినట్టుంది!" అంది టైలరమ్మ.

మాట అర్థం కాలేదు గానీ మూతి విరుపు అర్థమైంది. బొత్తాలావిడ కత్తెర సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. భాష కలవనివాళ్ళు మాటలు మానేస్తే వీధికెలా తెలిసిందంటారా? కొట్టు ముందు నడిస్తే చెవులు గింగురుమనేవి, అంత నిశ్శబ్దం.

సరిగ్గా అప్పుడే కాలేజీలో పాఠాలు చెప్పే మేనకోడలు ఊడిపడింది. "అత్తా, వేర్వేరు దేశాలవాళ్ళు ఒకరి దగ్గరొకరు నేర్చుకుంటే అవార్డిస్తారట. మీ కొట్టు గురించి దరఖాస్తు రాశాను."

టైలరమ్మ ఆ సంగతి పాలవాడికి చెప్పింది, పోస్టుమాన్‌కి చెప్పింది, తనకు పడని ఎదురింటావిడకైతే రెండుసార్లు చెప్పింది. అంతా అయ్యాక మేనకోడలు నసిగింది.

"ఇద్దరూ సంతకం పెట్టాలి అత్తా. ఎవరేం నేర్చుకున్నారో కూడా చెప్పాలి."

"నేను నేర్చుకునేదేమిటే? నేర్పాను. ఆవిడ నేర్చుకుంది. రాసెయ్."

"దాన్ని ట్యూషనంటారు. అవార్డివ్వరు. పోనీ, సహనం నేర్చుకున్నావని రాయనా?"

"నాకు సహనమా! వీధంతా పడీ పడీ నవ్వుతుంది. కొట్టెయ్."

చాటింపు వేసుకున్న అవార్డు పోతే తలెత్తుకోలేదు, అదొక బాధ. రెండో మిషన్ మీద దుమ్ము చేరుతోంది, అది ఇంకో బాధ. ఈ రెండోది మాత్రం పైకి అనలేదు. తలుపు వేసుకుని, ఆ గోనెసంచి కుట్టులో తప్పేమిటో తేల్చేద్దామని తనే ఒక కొత్త చొక్కాకి చెయ్యి అలా అతికి చూసింది. ఒక్క ముడత లేకుండా పరుచుకుంది, పాపిష్టిది! కానీ పక్క కుట్టు లాగేసరికి చంక దగ్గర రెండు అంచులూ కలవలేదు. విప్పింది, కుట్టింది, మళ్ళీ విప్పింది. చివరికి ఆ చొక్కా చంకన పెట్టుకుని బయల్దేరింది.

బొత్తాలావిడ తలుపు తీసింది. చంక కుట్టు చూసి ఇంటి పెంకులెగిరేలా నవ్వింది. గుమ్మంలోనే కూలబడి, పళ్ళతో దారం తెంపి, ఎక్కడ పట్టి తిప్పాలో చూపించింది. టైలరమ్మ పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు.

మర్నాడు రెండు మిషన్లూ తిరిగాయి. టైలరమ్మ మేనకోడల్ని పిలిచి "ముందు చెయ్యి, తర్వాత పక్క, రాసుకో" అంది. బొత్తాలావిడ సంతకం చేసింది. మరి మీరేం నేర్చుకున్నారని మేనకోడలు సైగలతో అడిగితే, ఆవిడ మెడ పక్కకి తిప్పి, అచ్చం టైలరమ్మలా మూతి విరిచి చూపించింది. దాన్ని దరఖాస్తులో ఎలా రాయాలో తెలీక పిల్ల కలం కొరుక్కుంటూ కూర్చుంది.

అవార్డు సంగతి ఇంకా తేలలేదు. నేనుండబట్టలేక, ఆ పుకారు నిజమేనా అని టైలరమ్మనే అడిగేశాను.

"ఎవరే నీకు చెప్పింది? నేనెవరి గుమ్మమూ ఎక్కలేదు, ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు. అసలు మేమిద్దరం పోట్లాడుకున్నదెప్పుడు? పనిలేనిదానా, పో!"