గొంతు బందోబస్తు

హనుమంతునిపాడు చుట్టుపక్కల పల్లెల్లో కాస్త వయసు మళ్లిన వాళ్లెవరిని అడిగినా మా నాయన పద్యం గురించి చెప్తారు. ఆయన రాజు వేషగాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు, తప్పిపోయిన బిడ్డను తలచుకుని ఏడ్చే పద్యం ఒకటుంది. ఆయన ఆ పద్యం ఎత్తుకుంటే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. నేనూ విన్నాను. అందరిలాగే చాప మీద కూర్చుని, మైకులోంచి. ఆ బిడ్డెవరో గానీ పెట్టి పుట్టిందని చిన్నప్పుడు నాకు కుళ్లుగా ఉండేది.

ఎందుకంటే ఇంట్లో ఆయన మాట్లాడడు. కోపం వల్ల కాదు, గొంతు కాపాడుకోవడానికి. నాటకం ఉన్నా లేకపోయినా మెడకు తువ్వాలు చుట్టుకుని, బుగ్గన ఒక మిరియం గింజ, పటికబెల్లం ముక్క పెట్టుకుని, ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మెదపకుండా గడిపేవాడు. పెరుగు ముట్టడు. చల్లనీళ్లు తాగడు. చేన్లో కూలీలను కేకేయాలన్నా మా అమ్మే కేకేయాలి. నన్ను పిలవాలంటే చిటికె వేసేవాడు. మంచినీళ్లకు చిటికె, చెప్పులకు చిటికె. మా అమ్మ దానికి గొంతు బందోబస్తు అని పేరు పెట్టింది. "మీ నాయన బందోబస్తులో ఉన్నాడు, పలకరించబాక" అనేది. నేను పలకరించేదాన్ని కాదు. నేను హైస్కూలు దాటకముందే ఆయన గుండెపోటుతో పోయాడు. తర్వాత చూస్తే ఒక క్యాసెట్టు మిగిలింది, అందులో అన్నీ పద్యాలే.

నాకు ఆయన గొంతు వచ్చిందన్నారు. ఆడపిల్లకు ఉండాల్సిన దానికంటే బరువైన గొంతు. ఆ పద్యం నేను పాడితే "అచ్చం మీ నాయనే" అనేవాళ్లు.

ఈ అచ్చం అనే మాటతో నాకు చాలాకాలంగా తగువుంది. కంభం దగ్గర ఒక బడిలో తెలుగు చెప్తాను కాబట్టి మాటలతో తగువు పెట్టుకోవడం నా ఉద్యోగంలో భాగమే అనుకోండి. అచ్చమైన నెయ్యి అంటే కల్తీ లేని నెయ్యి. అచ్చం నెయ్యిలాగే ఉంది అంటే అది నెయ్యి కాదు. ఒకే మాట అసలుకీ చెల్లుతుంది, నకలుకీ చెల్లుతుంది. ఒకసారి క్లాసులో ఇది చెప్తే పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నన్ను ఎవరు అచ్చం అన్నా అది రెండో రకమే.

పెళ్లికి పోయినా, దినానికి పోయినా, ఎవరిదో రిటైర్మెంటు సన్మానానికి పోయినా, నన్ను చూడగానే "ఆ ఒక్క పద్యం ఎత్తుకో టీచరమ్మా" అనేవాళ్లు. పాడేదాన్ని. కళ్లు తుడుచుకుని, మా నాయన గురించి రెండు ముక్కలు చెప్పుకుని భోజనాలకు లేచేవాళ్లు. నువ్వెట్లున్నావని అడిగినవాళ్లు లేరు. వాళ్లను తప్పు పట్టలేను. వాళ్లు చూడ్డానికి వచ్చింది నన్ను కాదు.

అమ్మ పోయినప్పటి నుంచి మార్కాపురంలో ఒక చిన్న పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పొద్దున రైలు, సాయంత్రం రైలు. బడిలో గొంతు చించుకుని అరుస్తాను గానీ అది పాఠం, మాట కాదు. కొన్ని ఆదివారాలు పాల దుకాణం ఆవిడతో "అర లీటరు" అనడం తప్ప నా నోటి నుంచి ఇంకో మాట వచ్చేది కాదు. అట్లాంటి ఒక ఆదివారం, గిన్నెలు తోముతూ, నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసా అని అనుమానం వచ్చింది. పాఠం చెప్పేది పంతులమ్మ గొంతు. పద్యం పాడేది మా నాయన గొంతు. ఈ రెండూ తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియదు. ఆ అనుమానంతోనే నాటకం రాశాను.

కథ చిన్నది. ఒక ఊళ్లో గొప్ప గాయకుడు చనిపోతాడు. ఆయనలాగే పాడగలిగే ఒక మనిషి ఆ ఊరికి వస్తుంది. ఊరు ఆమెను పోనివ్వదు, పూలదండలు వేస్తుంది, పాడించుకుంటుంది. చివరికి కళ్లు కనిపించని ఒక ముసలామె, "ఇది ఆయన గొంతు, నీదేది?" అని అడుగుతుంది. అప్పుడు ఆమె పాట మానేసి, మొదటిసారి మామూలుగా మాట్లాడుతుంది. నాటకం అక్కడితో అయిపోతుంది. మా బడి సైన్సు మాస్టారు ఊరిపెద్ద వేషానికి ఒప్పుకున్నాడు. ఆయన భార్య ముసలామె. పాడే మనిషి వేషం నాది.

మైకు వద్దనుకున్నాను. మైకులోంచి వచ్చే గొంతుతో నాకు చాలైంది. మార్కాపురం బయట పలకల రాయి తవ్వి వదిలేసిన గుంత ఒకటుంది. పెద్ద లోతు లేదు, నీళ్లు కూడా నిలవలేదు. మూడు వైపులా నల్లటి రాతి గోడ, అడుగున పలక పెంకులు. నిలబడి మెల్లగా మాట్లాడినా అవతలి చివర వినపడుతుంది. ఆ గుంత గలాయన కూతురికి నేను చదువు చెప్పాను, అందుకని అడగగానే సరేనన్నాడు. "నాటకం ఆడేదానికి కల్యాణ మండపాలు లేవా మేడం" అని మాత్రం గొణిగాడు.

హార్మోనియం వాయించడానికి మా నాయనకు వాయించిన పెద్దాయననే పిలిచాను. చుట్టరికం ఏమీ లేదు గానీ చిన్నప్పటి నుంచి పెద్దనాయనా అని పిలవడం అలవాటు. రిహార్సల్సులో ఆయనతో నా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఆఖర్న పద్యం యాడ పాపా?" అన్నాడు మొదటి రోజే.

"ఆఖర్న పద్యం లేదు పెద్దనాయనా. ఉత్త మాటలే."

"ఉత్త మాటలకు నాటకం ఎందుకంట? ఇంట్లో మాట్లాడుకుంటే పోలా?"

నా ఇంట్లో ఎవరితో మాట్లాడాలో ఆయన చెప్పలేదు.

నాటకం ఆదివారం, ఎండ తగ్గాక మొదలుపెట్టాలనుకున్నాం. లైట్ల బాధ లేకుండా పొద్దుగూకేలోపు అయిపోవాలి. టెంట్ హౌస్ కుర్చీలు దించుతుండగానే జనం రావడం మొదలైంది. నేను అనుకున్న దానికంటే ఎక్కువమంది. బడి వాళ్లు, మా వీధి వాళ్లు, ఆటోల నిండా మా నాయన ఊరివాళ్లు. ఇంతమందికి ఎవరు చెప్పారా అని ఆరా తీస్తే సైన్సు మాస్టారు నిర్వాకం బయటపడింది. వాట్సాప్‌లో ఒక కార్డు తిప్పాడు. అందులో కిరీటం పెట్టుకున్న మా నాయన ఫోటో, కింద "వారి కుమార్తె గళంలో మరొక్కసారి" అన్న మాట. నాటకం పేరు మూలన ఎక్కడో చీమల వరసలాగా ఉంది.

"జనం రావద్దా మేడం" అన్నాడు.

కోపం వచ్చింది గానీ, కుర్చీలు నిండుతుంటే చూడ్డానికి బాగానే ఉంది మరి. ముందు వరసలో మా మేనత్త, మా నాయన అక్క, కూర్చుని ఉంది. కళ్లు మసకబారి చాలా ఏళ్లయింది. ఎవరో చెయ్యి పట్టుకుని దింపినట్లున్నారు. నేను పోయి చేతులు పట్టుకుంటే తడిమి చూసి, "చిక్కిపోయినావు" అంది. తర్వాత పక్కావిడతో, నాటకం మొదలుపెట్టేది ఎప్పుడంట అని అడిగింది.

సగం వరకూ బాగా నడిచింది. పాడే మనిషి ఆ ఊరికి వచ్చిన సీనులో నేను మా నాయన పద్యమే పెట్టుకున్నాను. ఎత్తుకున్నాను. రాతి గోడలకు తగిలి గొంతు తిరిగి నా దగ్గరికే వచ్చింది. వన్స్ మోర్ అన్నారు. మా వైపు పద్యానికి వన్స్ మోర్ అంటే పాడి తీరాలి. కథ ఏమైనా కానీ, చచ్చిపోయిన వేషగాడు కూడా లేచి పాడి మళ్లీ పడుకోవాలి. పాడాను. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి.

ఇక ఆఖరి సీను. ముసలామె అడిగింది, "ఇది ఆయన గొంతు, నీదేది?"

అక్కడ నేను కాసేపు ఊరకుండాలి. రాసుకున్నదే. ఏ గొంతూ లేని చోటు ఒకటి ఉండాలని, ఆ తర్వాతే నా మాట రావాలని. నేను ఊరకున్నాను. పెద్దనాయన నా వైపు చూశాడు. రాజు వేషగాడు ఊరకున్నాడంటే శ్రుతి కోసం ఆగాడని అర్థం. ఆయన చేతులకు తెలిసింది అంతే. నేను మాట మర్చిపోయానేమోనన్న జాలితో, మా నాయన పాడే శ్రుతిని నాకు అందించాడు.

జనం చప్పట్లు కొట్టారు. "పద్యం, పద్యం" అన్నారు. ఆ శ్రుతి నా ఒంట్లోకి దిగిపోయింది. నోరు తెరిస్తే చాలు, పద్యం దానంతటదే వస్తుంది, అందరూ సంతోషంగా ఇళ్లకు పోతారు. నా భయం కూడా అదే. ఆ సాయంత్రం ఆ ఒక్కటి పాడేస్తే ఇక నాదంటూ ఏమీ ఉండదని, జన్మంతా ఇట్లాగే పెళ్లిళ్లలో పాడుకుంటూ పోతానని నాకు తెలుసు. నడుచుకుంటూ పోయి హార్మోనియం మీద చెయ్యి పెట్టాను. పెద్దనాయన అర్థంకాక నా మొహంలోకి చూశాడు. తిత్తి మూశాను.

మాట్లాడాను. రాసుకున్న పుస్తకాల తెలుగు నోటికి రాలేదు, వేరే ఏదో వచ్చింది. "నాకు పద్యం రాదు. నేను ఇట్లనే మాట్లాడతా. పొద్దున లేస్తా, నీళ్లు కాచుకుంటా, తాళం వేసి పోతా, వచ్చి తాళం తీస్తా. ఎవరన్నా పలకరిస్తే బాగుండు అనుకుంటా. అంతే."

వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. పలక పెంకుల మీద చెప్పులు కరకరలాడాయి. ఇంకా ఏదో ఉంటుందని కొందరు కూర్చున్నారు. లేదని తెలిశాక వాళ్లూ లేచారు. "పద్యం బాగా పాడినావు" అని ఇద్దరు ముగ్గురు దగ్గరికొచ్చి చెప్పారు. ఆఖరి మాటల గురించి ఎవరూ మాట్లాడలేదు. పెద్దనాయన ముఖం మాడ్చుకుని పెట్టె సర్దుకున్నాడు. ఖాళీ అవుతున్న కుర్చీల మధ్య నిలబడితే, ఆదివారాల్లో నా గదిలో కూడా అనిపించనంత ఒంటరిగా అనిపించింది.

మా అత్త మాత్రం లేవలేదు. నేను దగ్గరికి పోయి కింద కూర్చున్నాను.

"నాటకం నాకేం అర్థం కాలా" అంది.

"పోనీలే అత్తా."

"నడుమ పద్యం పాడినావే, అది మీ నాయనది కాదు. అప్పట్లో మా ఊరికి నాటకం నేర్పనీకి ఒక పంతులు వచ్చినాడు. పంతులు రాగం ఎట్ల లాగితే మీ నాయనా అట్లనే లాగినాడు. అచ్చం పంతులే. అందరూ బాగుందన్నారు, ఇంక వాడు దాన్ని వదల్లా. దానికోసరం నోరు కుట్టేసుకున్నాడు."

ఆమె తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఆఖర్న ఉత్త మాటలు మాట్లాడినావు చూడు, అది వాడు. పంతులు రాకముందు నాతో చేన్లో అట్లనే మాట్లాడేవాడు. మాట చివర్న అట్ల కిందికి దించేది. మళ్లీ ఆ గొంతు వింటాననుకోలా. అచ్చం నా తమ్ముడే."

ముందు ఒళ్లు మండింది. ఇంత చేసి, అందరినీ కాదని తెచ్చుకున్న ఆ ఒక్క గొంతూ నాది కాదంటుంది. నోటి దాకా వచ్చిన మాట ఆమె ముఖం చూసి ఆగిపోయింది. ఆ మసక కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె తమ్ముడు ఆమెతో మాట్లాడేవాడు. నాకు ఆ సంగతే తెలియదు.

ఆటోవాడు హారన్ కొట్టాడు. అత్తను ఎక్కించాను. కుర్చీలు ఎత్తేశారు. సైన్సు మాస్టారు బండి మీద దింపుతానన్నా వద్దని నడిచే వచ్చాను.

తాళం తీసి లైటు వేశాను. చెప్పులు విడిచి, గది మధ్యలో నిలబడి, పద్యం కాకుండా, పాఠం కాకుండా, గుంతలో మాట్లాడినట్లే మెల్లగా అడిగాను.

"అన్నం తిన్నావా పాపా?"

మాట చివర కిందికి దిగింది.

"ఇంకా లేదు నాయనా" అన్నాను. అదీ ఆ గొంతుతోనే వచ్చింది.